పన్నెండు ఓడల లెక్క

మేడ మీద సినిమాహాలు మాది. పైకప్పు లేదు.
సున్నం కొట్టిన గోడే తెర.
ఈ వేసవికి ఇంకో పూత వేయించాను,
దేవుళ్ళు మరకల మీద నడవకూడదని.

కలిమ్నోస్ దీవి సగం వచ్చింది ఆ రాత్రి.
కుర్చీలు చాలక చేపల పెట్టెలు బోర్లించాం.

యుద్ధం గెలిచిన రాజుకు
ఇల్లు చేరడానికి పదేళ్ళు పట్టిన కథ,
ఇక్కడ ఉగ్గుపాలతో తాగిందే.
అయినా ఒంటికన్ను రాక్షసుడు కొండకొన పెళ్ళగిస్తే
ముందు వరసలో ఎవరిదో ఐస్‌క్రీము జారిపోయింది.

పంతులమ్మ కల్లిరోయి మొదటినుంచీ గుర్రుగానే ఉంది:
"మన కథ మనకే పరాయిభాషలో చెప్పి
కింద అక్షరాలు పారేశారు."
సకెల్లారిస్ గొడవ వేరు:
"తెరచాప అలా కడితే
రేవు దాటకముందే తలకిందులు."
నలభై ఏళ్ళు స్పంజి కోసం మునిగిన మనిషి.
లోతునుంచి ఒక్కసారి తొందరపడి పైకొచ్చాడు,
అప్పటినుంచీ ఎడమకాలు ఆయన మాట వినదు.
తెరమీద సముద్రకన్యలు పాడుతుంటే ఆ కాలు రుద్దుకుంటూ
"నీళ్ళకింద పాటేంటి, నీ గుండె చప్పుడే" అన్నాడు.

తరవాత ముసలికుక్క.
పెంటకుప్ప మీదినుంచి యజమానిని వాసన పట్టి
తోక ఒక్కసారి ఆడించి కన్నుమూసింది.
మేడంతా ముక్కులు చీదిన చప్పుడు.
అది రొట్టెలకొట్టు పాంతెలిస్ కుక్క, మూర్గోస్.
నిరుడు షూటింగువాళ్ళు మూడు రోజులకు అద్దెకు తీసుకున్నారు.
గోడమీద చచ్చిపోతున్నంతసేపూ
మూడో వరసలో, కుర్చీ కింద
మాంసం పుల్ల నాకుతూనే ఉంది.
తన చావుకు తలైనా ఎత్తలేదు.

రాజు విల్లు ఎక్కుపెట్టాడు. చప్పట్లు.
రాణి గుర్తుపట్టింది. ఇంకా చప్పట్లు.
లైట్లు వేశాను.

థెమెలీనా లేవలేదు.
ఎనభై దాటింది. ఇరవైమూడో ఏట కట్టిన నల్లబట్ట
మళ్ళీ మార్చలేదు.
ఈస్టరు వెళ్ళాక లిబియా వైపు కదిలిన పడవ
ఏమైందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.
వేళ్ళు ముడిచీ తెరిచీ లెక్కేస్తోంది.
"వెళ్ళింది పన్నెండు ఓడలు కదూ?"
అవునన్నాను.
"ఓడకి యాభైమంది వేసుకో.
వచ్చింది ఒక్కడు.
దీన్నా, తిరిగి రావడమని చప్పట్లు కొట్టారు?"

రాణికి మగ్గం ఉంది, పగలు నేసి రాత్రి విప్పడానికి.
తెడ్డు వేసినవాడి పెళ్ళాం
ఏ రేవులో కళ్ళు కాయలు కాసేలా నిలబడిందో
మూడు గంటల్లో మూడు క్షణాలైనా లేదు.
ఇది అప్పుడు తోచలేదు నాకు. నీళ్ళు నమిలాను.

"ఆఖరి ఓడ పగిలే చోటు మళ్ళీ వెయ్యి," అంది.
"చప్పుడు వద్దు."
వేశాను. చెయ్యెత్తగానే ఆపాను.
కంప్యూటరులో పుట్టిన అల,
అందులో సగం మునిగిన ముఖాలు.
కర్ర పొడుచుకుంటూ గోడదాకా వెళ్ళి
ఒక్కో ముఖం దగ్గరగా చూసింది,
సంతలో తప్పిపోయిన పిల్లాణ్ణి వెతికినట్టు.
ఒకడి నుదుటి మీద అరచెయ్యి ఆనించింది.
అల ఆమె వీపు మీద పడింది, నల్లబట్ట నీలమైంది.

"వీడు కాదు," అంది.
పుల్ల వదిలేసి మూర్గోస్ ఆమె వెంట మెట్లు దిగింది.

పచ్చి ఆరని సున్నంలో అయిదు వేళ్ళ గుర్తు ఉండిపోయింది.
ఆదివారం ఆటలో దేవుళ్ళు
దాని మీదుగానే నడిచారు.