నీలి పోగు

కట్టయ్య మిర్చిలు పొట్లం కట్టిచ్చిన పేపర్ల
నూనె మరక పక్కపొంటి ఉన్నదా వార్త:
పత్తి మీద దిగుమతి సుంకం ఎత్తేసిండ్రట.
సుంకమంటే నాకెరుక ఉన్నది అంగడి తైబజారే.
బుట్టకు ఐదు, బండికి ఇరవై.
సముద్రానికి గూడ తైబజారుంటదని
నలభై ఏండ్లకు తెలిసింది.

వారం తిరగకముందే గీసుకొండ మిల్లుల
మూడో షిఫ్టు సైరన్ మోగింది.
ఆరు నెలల సంది దుమ్ము కప్పుకున్న రింగు ఫ్రేములు
నూనె తాగి లేచినయి.
కంటైనర్లు దిగినయి. బేళ్ల మీద
మా సూపర్వైజరుకు గూడ చదువరాని అక్షరాలు.
పట్టీ కోస్తే లోపల పత్తి
పాలపొడి లెక్క తెల్లగ,
ఆకు లేదు, గింజ పెచ్చు లేదు,
ఏరిన చెయ్యి వాసన లేదు.
దారం తెగుడు తగ్గింది. నా నడుముకు సుఖమైంది.
అబద్ధమెందుకు, సంబరమే అయింది.
ఓటీ పైసలతోని ఇంట్లకు కొత్త కుక్కరొచ్చింది.

మా అన్న మొగిలి నడికూడ కాంచి
పత్తి బస్తాలు ఏసుకొని ఎనుమాములకు వచ్చిండు.
పొద్దుగాల నాలుగింటికి లైన్ల నిలవడి
మధ్యాన్నం ఫోన్ చేసిండు.
తేమ మీటరు బస్తా కడుపుల గుచ్చితే
పద్నాలుగు చూపిచ్చిందట.
"ధర ఎంత పలికిందే అన్నా?"
అటు హమాలీల కేకలు, ట్రాలీల హారన్లు.
"బయటి పత్తి చౌకగ దిగుతున్నదంటున్నరు చెల్లె.
ఏ మిల్లోడు కొంటున్నడో ఏమో."
నా చేతుల బాబిన్ ఉన్నది.
మిషన్ల చప్పుడుకు ఇనవడనట్టు
"ఆఁ?" అన్న.

ఐతారం ఇంటికొచ్చిండు,
రెండు కిలోల కందిపప్పు సంచిల పట్టుకొని.
కుక్కర్ దిక్కు చూసి "కొత్తదా?" అన్నడు.
మూడు కూతలు అయ్యేదాక
ఇద్దరం మాట్లాడలె.

బ్లోరూం ముంగట పొడుగు బల్ల.
ఆ బల్ల కాడ పద్దెనిమిది మంది ఆడోళ్లు.
మన పత్తిల మనం జారవిడిసినవి ఏరుడే వాళ్ల పని:
తల వెంట్రుక, బీడి ముక్క, గాజు పెంకు, గోనె పీసు.
అన్నిటికంటె మొండిది యూరియా బస్తా నీలి పోగు.
అద్దకంల రంగు అంటదు, ఉతికితే పోదు,
బట్టయినంక గీత లెక్క కనవడ్తది.
ఓదెమ్మ కండ్లు దానికోసమే పుట్టినయి.
బయటి పత్తికి ఏరుడేం లేదు.
"పిలిసినప్పుడు రాండ్రి" అన్నరు.
టిఫిన్ డబ్బాలు సంకకు పెట్టుకొని పోయిండ్రు.
మూడో షిఫ్టుకు నలభై మంది వచ్చిండ్రు,
బల్ల కాంచి పద్దెనిమిది మంది పోయిండ్రు.
తీసివేత చేస్తే మంచే జరిగినట్టు.
ఓదెమ్మను ఏ గడిల రాయాలె?

కొత్త క్యాలెండర్ గోడకెక్కంగనే
సుంకం మళ్ల పెట్టిండ్రు.
రైతు కోసమని టీవీల ఒకాయన బల్ల గుద్దిండు.
ధర లేచింది.
అప్పటికి మా అన్న ఇంట్ల
దీపం వత్తికి గూడ పత్తి లేదు.
చేన్ల ఎండిన కట్టె ఉన్నది, పొయ్యిలకు.
గోదాముల తాళం కింద పండుకున్న బస్తాలకు
లేచిందా ధర.

సేటు బయటి బేళ్లు ఆపిండు.
మూడో షిఫ్టు మళ్ల ఆగింది.
నన్ను ఫ్రేము మీదికెల్లి తీసి
బల్ల కాడ కూసోమన్నరు, రోజుకు నూటిరవై తక్కువ.
ఓదెమ్మ జరిగి జాగిచ్చింది.
నేనేమనలె. ఆమెకది పని దొరికిన దినం.

నిన్న మన పత్తి కుప్పల
జానెడు నీలి పోగు.
మా అన్న మూతి కట్టే బస్తాది అసొంటిదే.
అసొంటివి పరకాల చుట్టుపక్కల ఎన్ని లచ్చలో.
ఓదెమ్మ అటు మర్లి నీళ్లు తాగుతున్నది.
తీయబోయిన వేళ్లు ఆగినయి.
పోనిచ్చిన.

ఏ ఊరి దుకాణంలనో, ఏ సముద్రం అవతలనో
తెల్ల అంగీ తొడుక్కునేటాయన
భుజం కాడ నీలి గీత చూసి
గోటితోని గీకుతడు.
రాదు.