తొమ్మిదో గడి

కర్నూలులో పొద్దున్నే బయల్దేరిన జీపు
ఆస్పరి దాటినాక దుమ్ముతో తప్ప మాట్లాడలేదు.
నా ఒళ్లో ఫైలు.
ఫైల్లో ఇరవై రెండు గడుల ఫారం, మూడు ప్రతులు.
నేను జూనియర్ అసిస్టెంటును.
నాకు వైద్యం తెలియదు, గడులు తెలుసు.

ఉరుకుందమ్మ పంచలో కూర్చొని ఉంది.
ముందర మినపపిండి, కోడిగుడ్ల సొన,
నున్నగా గీకిన వెదురు బద్దలు,
పాత పంచె చింపిన పట్టీలు.
కందిచేలో జారిపడిన ముసలాయన ముంజేతిని
వేళ్లతో వింటోంది.
అవును, వినడమే. కళ్లు మూసుకొని,
బావిలో పడిన చెంబు కోసం
పాతాళగరిగెను మెల్లగా తిప్పినట్టు.

"కట్టు ఆపమ్మా, రిజిస్టరు కాకుండా కట్టకూడదు"
అన్నారు డాక్టరుగారు. కొత్తాయన. మంచివాడే.
పోయిన నెల ఆదోని ఆసుపత్రిలో
పసరు తాగిన కామెర్ల పిల్లోణ్ణి
చేతుల్లోనే పోగొట్టుకున్నాడు.
ఆ పసరు పోసింది ఈమె కాదు.
పోసినాయనకు బోర్డు ఉంది,
గోడకు అద్దం బిగించిన సర్టిఫికెట్టు ఉంది,
దాని మీద ఏదో పరిషత్తు గుండ్రటి సీలు ఉంది.

రాయడం మొదలుపెట్టాను.
పేరు. భర్త పేరు. వయసు:
"నువ్వే చూసి రాయి నాయనా."
ఏడు, విద్యార్హత. గీత కొట్టాను.
ఎనిమిది, అనుభవం, సంవత్సరాల్లో:
"కరువు పనుల్లో మన్ను మోసిన యేడు
మా యత్త చచ్చిపాయ. ఆ యేటి నుంచి."
తొమ్మిది, శిక్షణ పొందిన సంస్థ.
ఆమె నవ్వింది.
"గొర్రెలు."

వంక దిగేటప్పుడు కాలిరిగిన గొర్రెలను
అత్త కట్టేది, ఈమె పట్టుకునేది.
గొర్రె మొగమాటానికి పోదంట.
కట్టు కుదిరితే మేస్తాది, లేకుంటే మేయదు.
గొర్రెలను ఏ సంస్థ కింద చూపాలో తెలియక
కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను.

వేలిముద్ర మిషను మూడుసార్లు ఎర్రగా వెలిగింది.
బద్దలు గీకి గీకి బొటనవేలి మీద గీతలు లేవు.
"తోలు కింద ఇరిగింది దీనికి తెలుస్తాది,
ఇది నాదని మీ మిషనుకు తెలీదే!"

లేవబోతుంటే అడిగింది:
"నేను కట్టి చెడగొట్టినోళ్లను రాసే గడి యాడుంది?"
లేదన్నాను.
"ఉండాల గదా.
హొళగుంద రామాంజి కొడుకు, ఎనిమిదేండ్లోడు.
బిగిచ్చి కడితి. మూడో నాటికి చెయ్యి నల్లబడె.
ఇప్పుడు ఆలూరు బస్టాండు కాడ
ఒంటిచేత్తో బజ్జీలు యేస్తాడు.
నన్ను చూస్తే రెండు కొసరు యేస్తాడు.
గొంతు దిగవు."

కాసేపు పట్టీలు చుట్టింది, విప్పింది.
"అప్పుటి నుంచి
తోలు చీలి ఎముక కనపడితే కట్టను.
వేళ్లు సల్లబడితే కట్టను. తలకాయ జోలికి పోను.
ఇది రాసుకో. సీలు యేసేదుంటే దీని మీద యేయి."

డాక్టరుగారు ముసలాయన గోళ్లు ఒక్కొక్కటీ నొక్కి
రంగు తిరిగొచ్చేదాకా చూశారు.
ఆమె కూడా ఆ గోళ్లనే చూస్తోంది.
ఇద్దరూ ఏమీ అనుకోలేదు.
ఎక్స్‌రేకి చీటీ రాసి
జీపులో వెనక సీటు ఖాళీ చేయించారు.
నేను ఫైలుతో సహా బస్సెక్కాను.

పదకొండో రోజు దరఖాస్తు తిరిగొచ్చింది:
తొమ్మిదో గడి ఖాళీ, అసంపూర్ణం.
దాని కిందే పసరాయన ఫారం.
ఇరవై రెండు గడులూ నిండి,
ముత్యాల్లాంటి దస్తూరి.
రెండింటినీ ఒకే దారంతో కుట్టాలి.

దబ్బనం గుచ్చేముందు, ఎందుకో,
నా బొటనవేలి గోరు నొక్కి చూసుకున్నాను.
తెల్లబడింది.
రంగు తిరిగి రావడానికి
కొంచెంసేపు పట్టింది.