నల్ల అంచు కాగితం

రూసే ఊళ్లో చనిపోయినవాళ్లని
కరెంటు స్తంభాలకి అంటిస్తారు.
ఫొటో, పేరు, నల్ల అంచు.
ఆ పేరు సరిచూడటం నా పని.

ఆ రోజు పంటినొప్పి.
రాద్కో కాస్తా రాత్కో అయ్యాడు.
వాళ్ల నోట పలికితే రెండూ ఒకటే,
చెవి సరేనంది, కన్ను ఊరుకుంది.

యాభై కాగితాలు.
తెల్లారేసరికి డాన్యూబ్ దాకా అతనే,
వానకి ఉబ్బి.

స్తోయాంక వచ్చింది.
తిట్లకి సిద్ధంగా నిలబడ్డాను.
స్తంభం మీంచి పీకిన కాగితం
బల్ల మీద పరిచి, త మీద వేలుంచి
"ఇతనెవరో నాకు తెలీదు.
పాపం, వాళ్లావిడకి చెప్పారా?" అంది.

డబ్బు వెనక్కిస్తే తీసుకోలేదు.

నలభయ్యో రోజు కాగితం కోసం మళ్లీ వచ్చింది.
"అలాగే ఉంచు."

ఈసారి మూడుసార్లు చదివాను,
ఆ త పొరపాటున
ద అయిపోకుండా.