కింద నిలబడ్డవాడు

పందొమ్మిదేళ్లుగా నా పని నేలమీదే.
పైనుంచి పడ్డ కొమ్మను ఈడ్చుకెళ్లి
యంత్రం నోటికి అందించడం,
తాళ్ల చిక్కులు తీయడం,
యోర్వెర్త్ కేకేస్తే
రంపంలో పెట్రోలు పోసి పైకి పంపడం.
మెడ ఎత్తీ ఎత్తీ
ఆకాశమంటే నాకు
వాడి బూట్ల అడుగుభాగమే.

కూర్చున్న కొమ్మను నరుక్కోవద్దని
లోకమంతా చెప్తుంది.
మనకు కూలి ఇచ్చేది అందుకే కదా అని నవ్వేవాడు వాడు.
"ఎటువైపు కూర్చున్నావన్నదే, అబ్బీ, అసలు చదువు."

పోయిన మార్చిలో, పలకరాళ్ల గని దాటాక,
తెగులు తిన్న యాష్ చెట్టు మీద
రంపం వెనక్కి తన్నింది.
వాడి ముంజేయి తెరుచుకుంది.
ముప్పై అడుగుల ఎత్తున, హార్నెస్‌లో,
ఒక చేత్తో రెండో చేతిని నొక్కిపట్టుకుని
వాడు వేలాడిన నలభై నిమిషాలూ
నేను కింద నిలబడి పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను.
నా దగ్గర ఫోనుంది.
సంచిలో ఇంకో తాడు కూడా ఉంది, కొత్తది, ముడి విప్పనిది.
ఎక్కడం రాదు.
ఫైరింజను వచ్చేదాకా
నా హెల్మెట్ మీద టప్ టప్‌మని పడ్డదాన్ని
వాన అనుకోవడానికి చూశాను.

బతికాడు. ఎడమచేతి రెండు వేళ్లు ముడుచుకోవు.

అందుకని యాభై రెండో ఏట
కుర్రకారు మధ్య కూర్చుని ముడులు నేర్చుకున్నాను.
సెరెన్ అని ఒక పిల్ల, కళ్లు మూసుకుని వేసేస్తుంది.
నా ముడి అటూ ఇటూ తిప్పి చూసి
"తాతా, ఇది ఉరి" అంది.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, విప్పి మళ్లీ వేశాను.

పరీక్షనాడు వాన. వేల్స్‌లో అదొక వార్త కాదు.
పరీక్ష పెట్టే మాలెన్ ప్రిచర్డ్
ఓక్ చెట్టు మీద, బాగా పైన, ఒక బొమ్మను కట్టించింది.
ఒంటినిండా ఇసుక, నారింజరంగు చొక్కా, ముఖం లేదు.
"గాయపడ్డ మనిషి. కానీ."
గడియారం నొక్కింది.

తాడు లాగి చూశాను. ఇంకోసారి లాగి చూశాను.
మొదటి పదడుగులూ మోకాళ్లు గొణిగాయి.
ఆ తర్వాత తడి బెరడు, నా ఊపిరి, అంతే.
బొమ్మ దగ్గరికి చేరాక కిందినుంచి ఆవిడ గొంతు:
"మనిషితో మాట్లాడు. మాట్లాడకపోతే మార్కులు పోతాయి."

ఇసుకతో ఏం మాట్లాడాలి?
దాని రంపం విప్పి పక్కకు తగిలించాను.
దాని పట్టీ నా పట్టీకి కలిపాను.
బరువు మెల్లగా నా తాడు మీదికి వస్తుంటే
ఒకే మాట వచ్చింది నోటికి:
"ఆలస్యమైంది."
మాలెన్ కాగితం మీద ఏదో రాసుకుంది.

ఎనిమిది నిమిషాల్లో నేలమీద ఉన్నాం, ఇద్దరం.

దించడంలో పాసు.
మధ్యాహ్నం కోతలో ఫెయిలు.
కొమ్మ మారేటప్పుడు చైను బ్రేకు వేయలేదు, ఒక్కసారి.
ఒక్కసారి చాలు, అంది మాలెన్,
కోపంగా కాదు, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు.
వచ్చే నెల మంగళవారం మళ్లీ రావాలి, మళ్లీ ఫీజు కట్టి.

సాయంత్రం యోర్వెర్త్ ఇంటికి వెళ్లాను.
టీ కప్పు మూడు వేళ్లతో పట్టుకుని అడిగాడు:
"ఎంతసేపు పట్టింది?"
"ఎనిమిది."
కిటికీలోంచి గొర్రెలకేసి చూశాడు.
అవి కదిలినా ఇంకా అటే చూశాడు.
"బొమ్మ బరువెంత?"
"నీ అంత లేదు."
"అయితే తొమ్మిదనుకో,"
అని బిస్కెట్ల డబ్బా నా వైపు తోశాడు.