బేస్తారం అర్ర

వఫ్రాల మా క్యాబిన్ పదడుగుల డబ్బా.
మూడు ఇనుప మంచాలు, ఒక్క కిటికీ,
ఏసీ కింద పెట్టిన నూనెడబ్బాల
రాత్రంతా చుక్క చుక్క నీళ్లు.
కాయితాల మీద అది బ్యాచిలర్ల వసతి.
ముగ్గురికీ పెండ్లాలున్నరు.

చలి మొదలైతె కఫీల్ ఇంటోళ్లు
తోటకు వస్తరు, బేస్తారం రాత్రి.
పెద్ద బండి ఎనక సీట్ల, పిల్లల సంచుల నడుమ
ఇరికి కూసోని వస్తది పెంచలమ్మ,
మా ఓబులేసు భార్య.
ఆరు దినాలు పట్నంల వాళ్ల అంట్లు తోముతది.
ఏడోనాడు ఇసుకల అవే అంట్లు.

ఆ పొద్దు మాకు చేతినిండ పని.
మొఫిజుల్ దండెం మీంచి లుంగీలు తీస్తడు.
నేను అద్దం తుడుస్త.
ఓబులేసు రెండు మంచాలు జరిపి కలుపుతడు.
కాళ్లు సమంగ రావు,
ఒకదాని కింద ఎరువు సంచి మడిచి పెడతడు,
మా దిక్కు చూడడు.
"పోయొస్తం" అంటం, ఏదో ఊరికి పోతున్నట్టు.
దుప్పట్లు భుజానేసుకొని
టమాట షెడ్డుకు నడుస్తం.

అక్కడ వెచ్చగుంటది.
తీగల నడుమ అట్టపెట్టెలు:
పూత నిలిచేటందుకు హాలండ్ నుంచి తెప్పించిన
బొద్దు తేనెటీగలు,
రాణితోని, పిల్లలతోని, ఇల్లుతోని సహా.
"చూడు భాయ్, వీటికి ఫ్యామిలీ వీసా" అన్నడు మొఫిజుల్.
నవ్వినం. ఆ నవ్వు చానాసేపు ఆగలే.
ఆగినంక ఎవరం మాట్లాడలే.

గా రాత్రే జగిత్యాల నుంచి ఫోను.
"గా చప్పుడేంది?" అన్నది నా పెండ్లాం.
ఫ్యాను అన్న.
అర్ర ఇడిసిచ్చిన ముచ్చట చెప్పలే.
చెప్తే, మనకెప్పుడు అంటది.

కఫీల్ పిల్లలు పండుకున్నంక, ఒంటిగంటకో రెండింటికో,
చెప్పులు చేతవట్టుకొని ఇసుక మీద నడిచొస్తదట.
రేకుకాయితంల ఇంత మచ్బూస్ అన్నం,
మా ఇద్దరి వాటా గూడ లెక్కవెట్టి తెస్తది.
ఒకసారి పాత చున్నీ కోసి
కిటికీకి పరదా కుట్టింది.
ఒకసారి నా మంచం కాడి మేకును
రాయితోని లోపలికి కొట్టింది,
నా అంగీ చినుగుతున్నదని ఎట్ల తెలిసిందో.
ఆమె మొఖం నేనెన్నడు సక్కగ చూడలే.

మార్చి సగంల గాలి మారింది.
గుడారాలు మడిచిన్రు. పెద్ద బండి రాలే.
పై బేస్తారం గూడ రాలే.
మూడో బేస్తారం, అలవాటుకొద్ది,
మొఫిజుల్ దుప్పటి భుజానేసుకున్నడు,
గడప కాడ యాదికొచ్చి నిలవడ్డడు.
ఓబులేసు ఏమనలే.
లేచి, ఆ దుప్పటి తనే అందుకొని
షెడ్డు దిక్కు పోయిండు.

మేమిద్దరం మా మంచాల మీద కూసున్నం.
కిటికీ కాడ చున్నీ పరదా,
పసుపు మీద నీలిపూలు,
ఏసీ గాలికి కదుల్తున్నది.
"బంద్ కరో" అన్నడు మొఫిజుల్.
ఏసీనా, పరదానా,
ఏది బంద్ చెయ్యాల్నో
నాకు సమజ్ కాలే.