తరుగు

జిల్లాలు పంచినప్పుడు
సముద్రం మా వాటాకి రాలేదు.
గుంటూరుకి మిగిలినవాటిలో
మిర్చి యార్డు ఒకటి,
యార్డులో ఇరవై రెండేళ్ళుగా కాటా రాసే నేనొకణ్ణి.

మూడు రోజులు సెలవులు కలిసొచ్చాయి.
సూర్యలంక నుంచి నిజాంపట్నం దిక్కుగా
ఒడ్డు పట్టుకుని నడుద్దామన్నాను.
"నడిస్తే కూలెవరిస్తారు గుమస్తాగారూ?"
అని నవ్వి, వస్తానన్నాడు హమాలీ మీరావలి.

బయల్దేరే ముందు సంచీలు కాటా మీద పెట్టాం, అలవాటు కదా.
నాది పద్నాలుగు కిలోల మూడొందలు.
బియ్యం, గిన్నె, నీళ్ళ సీసాలు, దోమల బత్తీలు,
ఎందుకు పెట్టుకున్నానో తెలియని ఇస్త్రీ చొక్కా,
అన్నిటికీ అడుగున, గుడారానికని,
వానొస్తే మిర్చి కుప్పల మీద కప్పే పట్టా.
నలభై అయిదు కిలోల టిక్కీలు మోసే మీరావలి
నా సంచీని రెండు వేళ్ళతో లేపి
"ఇది బరువు కాదు, ముచ్చట" అన్నాడు.

సరుగుడు తోపులో పొద్దు తొందరగా గుంకుతుంది.
రెండు చెట్ల మధ్య తాడు కట్టి
పట్టా విప్పామో లేదో
ఏ ఏటిదో కారం గుప్పుమని లేచింది.
ఇద్దరం తుమ్మాం. ఎక్కడో కుక్క మొరిగింది.
అన్నంలో కారం, కళ్ళల్లో కారం.
తెనాలిలో బండి మారి, బాపట్లలో ఆటో ఎక్కి
ఇంత దూరం వచ్చి
మళ్ళీ యార్డునే కప్పుకుని పడుకున్నాం.

ఆ హోరు చెట్లదో నీళ్ళదో
తేల్చకుండానే మీరావలి గురక పెట్టాడు.
నాకు ప్రత్తిపాడు రైతు గుర్తొచ్చాడు.
పేరు రాసింది నేనే, గుర్తు లేదు.
చెప్పుల్లేని కాళ్ళు గుర్తున్నాయి.
తేమ ఉందని టిక్కీకి రెండు కిలోలు తరుగు రాస్తే
"తేమెక్కడిదయ్యా, అది నా చేతి చెమట" అన్నాడు.
నేను తలెత్తలేదు.

తెల్లారి చూస్తే
గుడారానికి పది బారల దూరంలో
ట్రాక్టరు చక్రం పోయినట్టు ఇసుక మీద జాడ.
తాబేలు. వచ్చిందీ తెలియదు, గుడ్లు పెట్టి పోయిందీ తెలియదు.
మీరావలి గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.
"లోడు దించేసి, కూలి అడక్కుండా పోయింది."

మూడోనాటికి ఇసుక అయిపోయింది.
మడ చెట్లు వేళ్ళు బురదలోంచి పైకి పెట్టి
ఊపిరి పీలుస్తున్నాయి.
మొగ దగ్గర నీళ్ళు మెడలోతు.
గట్టున పీతల బుట్టతో యానాదుల చెంచమ్మ.
"ఎంతసేపు పడుతుంది దాటడానికి?"
"పోటు తీసినంతసేపు."
గడియారం చూసుకున్నాను. ఆమె నా గడియారాన్ని చూసింది,
ఏదో పురుగును చూసినట్టు.

ఒక పీతను అరచేతిలో ఎగరేసి పట్టుకుని
"గుల్ల. కండ పట్టలా ఇంకా" అని
నీళ్ళలోకి వదిలేసింది.
కాటా లేదు. పుస్తకం లేదు. వాదించేవాడు లేడు.
బెత్తెడు తగ్గాయి నీళ్ళు. మరో బెత్తెడు.
చూడ్డం తప్ప పనిలేని మధ్యాహ్నం
నాకు తెలిసి అదే మొదటిది.
దాటేటప్పుడు బురద నా చెప్పొకటి ఉంచుకుంది.
రెండోదాన్ని నేనే అక్కడ వదిలేశాను.

సోమవారం యార్డులో
సరదాకి నా సంచీ మళ్ళీ కాటా మీద పెట్టాడు మీరావలి.
బియ్యం తిన్నాం, నీళ్ళు తాగాం,
అయినా పదిహేనున్నర.
తడి పట్టా. మడతమడతకీ ఇసుక.
"ఎంత రాస్తారు?" అన్నాడు.
వరసలో రైతులు వింటున్నారు.

తేమకి తియ్యాలి. మట్టికి తియ్యాలి.
పెన్ను మూత తీస్తే అందులోంచీ ఇసుక రాలింది.
"ఎంతుందో అంత" అన్నాను.
వెనక ఎవరో గట్టిగా తుమ్మారు.
తర్వాతి టిక్కీ పెట్టమన్నాను.