పట్టుకుంటే ఫౌల్

తెల్లవారుజామున నాలుగున్నరకి
ఏటుకూరు రోడ్డు మీద మిర్చి లారీలు బారు కట్టకముందే
నా మోకాలు లేస్తుంది.
దాని తర్వాత నేను.

నువ్వులనూనె వెచ్చచేసి రాస్తూ
రెండు మోకాళ్ళతోనూ బేరమాడతాను:
ఈ ఒక్క వేసవి. నల్లపాడు టోర్నీ దాకా.
పోయినేడూ ఇదే మాటన్నానని
అవి మర్చిపోలేదు.
కటకటమంటాయి.

నలభై ఒకటి నాకు. ఆధార్ కార్డులో ముప్ఫై తొమ్మిది.
స్కోరు రాసే కుర్రాడు
"అంకుల్, మీ జెర్సీ నంబరెంత?" అన్నాడు.
నంబరు చెప్పాను.
అంకుల్ సంగతి మూడో సెట్టులో చూద్దామనుకున్నాను.

పగలు యార్డులో కాటా గుమస్తాని.
టిక్కీ ఎక్కుతుంది, టిక్కీ దిగుతుంది,
తేజా ఘాటుకి ఇరవై ఏళ్ళుగా తుమ్ముతూనే ఉన్నాను.
డాక్టరు కారం మానెయ్యమన్నాడు,
గుంటూర్లో కూర్చుని!
మానేశాను.
రాగిజావ, ఉడికిన గుడ్లు, చప్పిడి పప్పు.
"బాలింతక్కూడా ఇంత పథ్యం పెట్టలేదు"
అంటుంది షంషాద్ కంచం తోస్తూ.
ఐసు ముక్క తెస్తే పిల్లలు షర్బత్ అనుకుని గ్లాసులు తెచ్చుకున్నారు.
గోనెపట్టాలో చుట్టి కాలికి కట్టుకున్నాను.
గ్లాసులు పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డారు.

పది వేళ్ళలో ఎనిమిది నావి.
ఒకటి పుత్తూరు కట్టుది, ఇంకొకటి టేపుది.

స్మాషర్‌ని కాను నేను.
చప్పట్లు స్మాషర్‌వి.
ఇశ్రాయేలు గాల్లోకి లేచి కొడితే
షామియానా గుంజలు అదిరేవి.
ఆ బంతిని అక్కడ, ఆ ఎత్తున
పెట్టిందెవరని ఎవరూ అడగలేదు.
లిఫ్టర్‌ని నేను. రెండో టచ్ నాది.
ప్రతి బంతీ నా వేళ్ళ మీదుగానే పోవాలి,
ఏదీ నా దగ్గర ఆగకూడదు.
ఆగిందా, విజిల్.
పట్టుకుంటే ఫౌల్.

ఇశ్రాయేలు మానేసి ఆరేళ్ళు.
మంగళగిరి దాటాక టిఫిన్ బండి.
"ఇంకా ఎందుకురా కాలేషా ఈ పాకులాట?"
అంటూ అట్టు తిప్పాడు.
మణికట్టు దగ్గర అదే విరుపు,
మూల లైను మీద బంతిని పాతినప్పటి విరుపే.
నువ్వు మానేశావని ఎవడన్నాడ్రా, అందామనుకుని
ఇంకో అట్టు వెయ్యమన్నాను.
నూనె లేకుండా.

లేవీ అని మా జట్టులోనే ఒకడు.
పంతొమ్మిదేళ్ళు.
నా అరచెయ్యి అందే చోట వాడి మోచెయ్యి ఉంటుంది.
"బ్లాక్ ఎటొస్తుందో ముందే నీకెలా తెలుస్తదన్నా?"
"బంతిని చూడకు. అవతలోడి మడమ చూడు."
అంత వరకే చెప్పాను.
మడమ కన్నా ముందు కదిలేది ఇంకొకటుంది.
దాన్ని దాచుకున్నాను.
దొంగతనమే.
నేను ఎగరలేని ఎత్తంతా
ఆ ఒక్క ముక్క మీదే నిలబడి ఉంది మరి.
ఇక్కడ కూడా రాయను.

నల్లపాడు. చివరి సెట్టు, పధ్నాలుగు పదమూడు, మాదే పైచేయి.
లైట్ల చుట్టూ ఉసిళ్ళు.
మొదటి టచ్ పక్కకి పోయింది.
నేను కదిలాను,
మోకాలు అరక్షణం ఆలోచించుకుని కదిలింది.
అందుకున్నాను.
అందుకున్న బంతి
వేళ్ళలో ఉండిపోయింది.
వెంట్రుకవాసి.
తోలు వేడి తెలిసేంత.
ఇరవై మూడేళ్ళలో మొదటిసారి
దాని బరువెంతో తెలిసేంత.
తర్వాత వదిలాను. మావాడెవడో కొట్టాడు. గెలిచాం.

విజిల్ రిఫరీ నోట్లోనే ఉంది.
ఊదలేదు.
చూడలేదా?
స్టూలు దిగుతూ నాకేసి తలూపాడు,
ముసలాయనకి బస్సులో సీటిచ్చినవాడిలా.
కప్పు పట్టుకుని ఫొటో దిగాను.
అందులో నా మొహం
మిర్చి కొరికినట్టుంది.

మర్నాడు నాలుగున్నరకి మోకాలు లేచింది.
నూనె వెచ్చచేశాను.
అరుగు మీద అప్పటికే లేవీ,
ఒళ్ళో బంతి.
దాచుకున్న సగంలో
సగం చెప్పేశాను.
వాడు నోరు తెరిచి విన్నాడు.

మిగిలిన పావు ఉంచుకున్నాను,
వచ్చే వేసవికి.